పదకోశంలో చోటు, తరగతిలో మాట: సాంస్కృతిక వైవిధ్యంపై ఒక నైతిక విచారణ

ప్రస్తావన

విద్యాలయాలు, కార్యాలయాలు సాంస్కృతిక వైవిధ్యాన్ని గౌరవించాలన్న మాటను కాదనేవారు నేడు అరుదు. అయితే ఆ గౌరవానికి ఆధారమేమిటన్న ప్రశ్న తగినంతగా చర్చకు రాలేదు. వైవిధ్యం ఉపయోగకరం కాబట్టి గౌరవించాలా? అంతరిస్తున్న సంపద కాబట్టి కాపాడాలా? లేక ఆ సంస్కృతిలో బతికే మనిషికి జరగవలసిన న్యాయంగా గుర్తించాలా? ఈ మూడు సమాధానాలు పైకి ఒకటిగా కనిపించినా, వాటి నుంచి పుట్టే ఆచరణలు వేరు. తెలుగు భాషా చరిత్రలోని కొన్ని ఘట్టాల ఆధారంగా ఆ తేడాను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రయోజనం, పరిరక్షణ

భిన్న నేపథ్యాలవారు కలిసి పనిచేస్తే కొత్త ఆలోచనలు వస్తాయన్నది కార్యాలయాలలో తరచుగా వినిపించే వాదం. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ప్రయోజనంపై నిలిచిన గౌరవం ప్రయోజనం ఉన్నంతకాలమే ఉంటుంది. ఒక ఉద్యోగి యాస వల్ల సంస్థకు లాభం లేదని తేలిననాడు, దానిని మార్చుకొమ్మని ఆదేశించడానికి ఈ వాదంలో అడ్డేమీ లేదు.

పరిరక్షణవాదం ఇంతకంటే ఉదాత్తంగా కనిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆ కృషిలో పండితుడు అడిగేవాడయ్యాడు. రైతు, నేతగాడు చెప్పేవారయ్యారు. జ్ఞానానికి ప్రమాణం ఎవరన్న ప్రశ్నకు వృత్తిదారుడే అన్న సమాధానం అక్కడ లభించింది. అయితే పదకోశంలోకి ఎక్కిన మాట తరగతి గదిలోకి రావడానికి అది చాలలేదు. నేత కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఇంటి పదాన్ని పరిశోధకుడు సేకరణీయంగా భావిస్తాడు. జవాబు పత్రంలో అదే పదం కనిపిస్తే పరీక్షకుడు దోషమని గుర్తు పెట్టవచ్చు. మాటను భద్రపరచి మాట్లాడే మనిషిని సరిదిద్దడం పరిరక్షణవాదంలోని వైరుధ్యం.

గిడుగు చూపిన దారి, మిగిల్చిన ప్రశ్న

గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) జీవితంలో ఈ సమస్య రెండు ముఖాలూ కనిపిస్తాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లల కోసం బడులు పెట్టారు. సవర తెలుగుకు మాండలికం కాదు, ముండా భాషా కుటుంబానికి చెందినది. అంటే బడికి వచ్చిన పిల్లవాడు తన భాష వదులుకోవాలన్న షరతును తిరగవేసి, ఉపాధ్యాయుడే పిల్లవాడి భాషను చేరాలన్న సూత్రాన్ని ఆయన ఆచరించారు. వ్యావహారిక భాషోద్యమం వెనుక ఉన్న నైతిక దృష్టికి ఈ అనుభవంతో బంధుత్వం ఉందనడం అసంగతం కాదు.

అయితే ఆ ఉద్యమం ప్రతిపాదించినది శిష్ట వ్యావహారికం. కాలక్రమంలో మధ్య మండలపు విద్యావంతుల భాష ఆధునిక ప్రమాణానికి ప్రధాన ఆధారమైంది. గ్రాంథికపు గోడ కూలింది కాని, కొత్త సరిహద్దు ఒకటి ఏర్పడింది. దాని ఆవల మిగిలిన యాసలు సినిమాలలో చాలాకాలం హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు పరిమితమయ్యాయి. తెలంగాణ ఉద్యమంలో భాష ఆత్మగౌరవ ప్రశ్నగా మారడానికి ఈ చరిత్ర ఒక కారణం. ఇతరులు మనలను గుర్తించే తీరును బట్టే మన ఆత్మభావన రూపొందుతుందని, తప్పుడు గుర్తింపు నిజమైన హాని అని కెనడా తత్త్వవేత్త చార్లెస్ టేలర్ 1992లో వాదించాడు. తెలుగు నేలపై ఆ హానికి సాక్ష్యం వెతకనక్కరలేదు.

ఆక్షేపం – సమాధానం

ఉమ్మడి ప్రమాణం లేకపోతే పాఠ్యపుస్తకం, పరీక్ష, కార్యాలయ వ్యవహారం ఎలా సాగుతాయన్నది బలమైన ఆక్షేపమే. పైగా వెనుకబడిన వర్గాల తల్లిదండ్రులే తమ పిల్లలకు ప్రమాణ భాషను, ఇంగ్లీషును కోరుకుంటున్నారు. ఆ కోరికను తక్కువ చేసే హక్కు పరిశోధకులకు లేదు.

ఇక్కడ ఒక విభజన అవసరం. వ్యవహార సాధనంగా ప్రమాణ భాష వేరు. మనిషి విలువను కొలిచే కొలమానంగా ప్రమాణ భాష వేరు. మొదటిది నేర్పవలసినది, రెండవది విడిచిపెట్టవలసినది. సొరకాయ అని రాసినా ఆనపకాయ అని రాసినా సూచించేది ఒకే కూరగాయ అయినప్పుడు, ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అనడానికి శాస్త్ర కారణం లేదు. అధికార కారణం మాత్రమే ఉంది. తల్లిదండ్రుల కోరిక కూడా ఇంటి భాషకు ప్రతిఫలం లేని వ్యవస్థలో పుట్టినదని గమనించాలి. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనా సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి వంటి భాషలలో వాచకాలు తయారుచేసిన బహుభాషా విద్యా కార్యక్రమం ఇంటి భాషను మెట్టుగా చేసి ప్రమాణ భాషను చేరవచ్చని నిరూపించే దిశలో సాగింది. రెండింటిలో ఒకదానిని ఎంచుకోక తప్పదన్నది ఊహ మాత్రమే.

ముగింపు

వైవిధ్యానికి ఇచ్చే విలువ సభలోని ప్రశంసలో కాక, తీర్పు చెప్పే చోట తెలుస్తుంది. మూల్యాంకనం చేసే చేతిలో, ఉద్యోగ ఎంపిక సమితిలో, సిద్ధాంత వ్యాసపు భాషను దిద్దే పర్యవేక్షణలో అది పరీక్షకు నిలుస్తుంది. మాండలికాలపై పరిశోధనకు పట్టాలిస్తూ, మాండలికంలో ప్రశ్న అడిగిన విద్యార్థిని చూసి నవ్వే తరగతి ఉంటే, ఆ వైరుధ్యానికి తెలుగు శాఖలే మొదట జవాబు చెప్పవలసి ఉంటుంది.