దశరథ మహారాజు రిటైర్మెంట్ ప్లాన్ ఎక్కడ చెడింది?

 

ఈ వారం వీడియోలో అయోధ్యకాండ మొదటి సర్గలు చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక ఒక విషయం వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నాను. ఒకటి రెండేళ్ళలో రిటైర్ కాబోయేవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు తప్పకుండా చదవండి.

దశరథుడు సభ పిలిచి ఏమన్నాడు? తెల్లగొడుగు నీడలో ఈ శరీరం అరిగిపోయింది, ఇక మోయలేను, రాముడికి అప్పగించి విశ్రాంతి తీసుకుంటాను అన్నాడు. ఎంత న్యాయమైన కోరిక! కాళిదాసు అయితే రఘువంశంలో ఇంకో చమత్కారం చేశాడు. ముసలితనం తెల్లవెంట్రుక రూపంలో రాజు చెవి దగ్గరికి వచ్చి, కైకేయికి వినపడుతుందేమో అని భయపడ్డట్టు, రాజ్యం రాముడికి ఇచ్చెయ్యమని చెవిలో చెప్పిందట. ఆ కైకేయి మాట ఊరికే వెయ్యలేదండీ ఆయన.

వాల్మీకి చెప్పిన వరస చూడండి. సభకు తెలిసింది. వసిష్ఠుడికి తెలిసింది. సామంతరాజులకి కబురు వెళ్ళింది. కానీ తొందరలో కేకయరాజుని పిలవలేదు, జనకుణ్ణీ పిలవలేదు. ఒకరు మామగారు, ఇంకొకరు వియ్యంకుడు! తర్వాత తెలుస్తుందిలే అనుకున్నాడు. భరతుడు ఊళ్ళో లేనప్పుడే ఈ పని అయిపోవాలని రాముడితో ఆయనే అన్నాడు. రేపు పుష్యమి, రేపే పట్టాభిషేకం అన్నాడు. వీధులు తడిపి, తోరణాలు కడుతున్నారు. అయోధ్యలో పిల్లాజెల్లా అందరికీ తెలిసిపోయింది. కైకేయికి మాత్రం దాసి మంథర నోట తెలిసింది. రాజుగారు శుభవార్త చెబుదామని సాయంత్రం తీరిగ్గా ఆమె మందిరానికి వెళ్ళేసరికి ఆమె కోపగృహంలో నేలమీద పడుకుని ఉంది.

పైగా పాతబాకీ ఒకటి. దేవాసుర యుద్ధంలో శంబరుడి మీదికి వెళ్ళి దెబ్బలు తిని స్పృహ తప్పితే, రథం మీద పక్కకి తీసుకుపోయి బతికించింది ఈ కైకేయే. రెండు వరాలు ఇస్తానన్నాడు. కావాల్సినప్పుడు అడుగుతాను అంది. ఆయన మరిచిపోయాడు. ఆవిడా మరిచిపోయింది, మంథర గుర్తుచేసేదాకా. రాముడు అడవికి వెళ్ళిన ఆరో రాత్రి దశరథుడు ప్రాణం వదిలేశాడు. ఆశపడ్డ విశ్రాంతి ఒక్కరోజు కూడా దొరకలేదు.

కైకేయి అడిగింది ధర్మమని నేను అనడం లేదు. రాజ్యాన్ని కొడుక్కి అప్పజెప్పే లెక్క పక్కాగా వేసుకున్న రాజు, ఇంట్లో తను ఎవరికి ఏం బాకీ ఉన్నాడో ఆ లెక్క వెయ్యలేదు అంటున్నాను.

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తానంటే, మొన్న ఇస్నాపూర్‌లో ఒక కాలనీ గుడిలో సత్సంగం అయ్యాక ఒకాయన ఆగి అడిగారు. పాశమైలారంలో ఫ్యాక్టరీ పని. వచ్చే నెలకి 58 నిండుతాయి. సొంతూరు నారాయణఖేడ్ వైపు. "గురువుగారూ, ముప్పై ఏండ్లు ఈ పొగల బతికిన. ఇగ ఊరికి పోయి రెండెకరాలు చూస్కుంట, చెరువుకట్ట మీద కూసొని రామనామం చేస్కుంట అంటే మా ఇంటామె రానంటున్నది. వానప్రస్థం ఒక్కడినే పోవచ్చునా?"

ఆవిడ వెనకాలే నిలబడి ఉంది. "ఆయనకు ఊర్ల దోస్తులున్నరు. నాకెవరున్నరు? ముప్పై ఏండ్లు ఏ షిఫ్టు, బీ షిఫ్టు, నైట్ షిఫ్టు అనుకుంట ఆయన టైముకే లేసిన, ఆయన టైముకే వండిన. ఈడ నాకు భజన ఉన్నది, మనుమరాలున్నది" అంది.

చూశారా? ఆయన ప్లాన్ తోటి కార్మికులందరికీ తెలుసు. ఆవిడకి మాత్రం అంతా నిర్ణయమయ్యాక చెప్పాడు.

శాస్త్రం ఏమంటుంది? ముడతలు, నెరిసిన జుట్టు, మనవడు కనిపించాక గృహస్థు అడవికి వెళ్ళాలని మనువు చెప్పాడు. భార్యను కొడుకులకి అప్పగించి వెళ్ళొచ్చు, ఆమెతో కలిసీ వెళ్ళొచ్చు అన్నాడు. సరే. కానీ ఆ వెళ్ళేది ఎలాగో చూడాలంటే బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుణ్ణి చూడండి. నేను ఈ ఆశ్రమం వదిలి వెళ్తున్నాను, నీకూ కాత్యాయనికీ ఆస్తి పంచి వెళ్తాను అని ముందుగా మైత్రేయితోనే అన్నాడు. శిష్యులకంటే ముందు భార్యకి! ఆవిడ ఊరుకోలేదు. భూమి అంతా ధనంతో నింపి ఇచ్చినా నాకు అమృతత్వం వస్తుందా అని అడిగింది. రాదన్నాడు. అయితే నాకు అదెందుకు, నీకు తెలిసింది చెప్పు అంది. ప్రయాణానికి లేచిన మనిషి మళ్ళీ కూర్చున్నాడు. రా, కూర్చో, చెబుతాను అని ఉన్నదంతా చెప్పాడు. ఆ ఇంట్లో ఆ రోజు భార్య ఒక ప్రశ్న అడగబట్టి మనకి అంత గొప్ప ఆత్మవిద్య దక్కింది.

ఇక మన సంగతి. ప్రవచనంలో పీఎఫ్ గొడవ ఏమిటి అనుకోకండి, ఇదీ ధర్మమే. చేతికి వచ్చేది ఎంతో అందరూ లెక్కేసుకుంటారు. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం, పీఎఫ్ ఇంత, పెన్షన్ ఇంత. ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 నుంచి నెలకి వెయ్యి రూపాయలు. దాంతో ఏమొస్తుందో ఇంటి సామాన్లు తెచ్చే ఆవిడకి మీకంటే బాగా తెలుసు. నామినీ పేరు చూసుకున్నారా? పెళ్ళికి ముందు చేరినప్పుడు అమ్మ పేరో తమ్ముడి పేరో రాసి, మళ్ళీ ఆ కాగితం వైపు చూడనివాళ్ళు ఎంతమందో. మీ తర్వాత ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగకుండా చూడటం, చెప్పాలంటే, యాజ్ఞవల్క్యుడు చేసిన పంపకమే.

రేపు చూసుకుందాం అనకండి. దశరథుడు కూడా రేపే అన్నాడు. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో జరిగిన పేలుడు ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. యాభై మందికి పైగా పోయారు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఊళ్ళో ఇల్లు కట్టాలనో, చెల్లి పెళ్ళి చెయ్యాలనో అనుకునే ఆ పొద్దున డ్యూటీకి వెళ్ళి ఉంటారు. దాని గురించి ఇంతకంటే చెప్పలేను. వాళ్ళకి ఒక్క నిమిషం దణ్ణం పెట్టుకోండి.

చాలామంది రిటైర్ అయ్యాక కాశీ వెళ్ళి తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తామంటారు. మంచిదే. కానీ కాశీలో ఇష్టమైనది వదలాలంటే, పుట్టినప్పటి నుంచీ ముట్టని కాకరకాయ వదిలి వచ్చేవాళ్ళున్నారు! నేనైతే 'ఈ ఇంట్లో నేను చెప్పిందే జరగాలి' అనేది గంగలో వదిలి రమ్మంటాను. కాకరకాయ తింటే షుగరుకైనా మంచిది.

ఆడవాళ్ళు తమ రిటైర్మెంట్ తామే నిర్ణయించుకోవడం కొత్తేమీ కాదు. ఆశ్రమవాసిక పర్వంలో ధృతరాష్ట్రుడు, గాంధారి అడవికి బయలుదేరితే కుంతి వాళ్ళ వెంట నడిచింది. ధర్మరాజు బతిమాలాడు, భీముడు ఏడ్చాడు. ఇన్ని కష్టాలు పడి గెలిచాం, ఇప్పుడు వెళ్ళడమేమిటమ్మా అన్నారు. నా భర్త కాలంలో రాజ్యసుఖం చూశాను, కొడుకులు గెలిచిన రాజ్యంలో భోగాలు నాకు వద్దు, ఈ ముసలివాళ్ళ సేవ చేసుకుంటాను అని వెనక్కి తిరగలేదు. ఆవిణ్ణి ఎవరూ పంపలేదు.

కాబట్టి నాయనా, ఒంటరిగా వెళ్ళొచ్చా అని నన్ను కాదు అడగాల్సింది. ఈ సంకష్టహర చవితికి ఇద్దరూ కలిసి రుద్రారం గణేష్ గడ్డకి వెళ్ళండి. దర్శనం అయ్యాక అక్కడే ఓ పక్కన కూర్చోండి. ముప్పై ఏళ్ళలో నీకు ఇస్తానని ఇవ్వనిది ఏమైనా ఉందా, ఇకముందు నువ్వు ఎలా ఉండాలనుకుంటున్నావు అని అడగండి. ఊరికి ఆర్నెల్లు, ఇక్కడ ఆర్నెల్లు అంటుందో, అసలు రానే రానంటుందో, ముందు తిరుపతి అంటుందో తెలీదు. వెంటనే ఒప్పుకోవాలని లేదు. కాకపోతే ఆవిడ మొత్తం చెప్పేదాకా మధ్యలో ఫోన్ ఎత్తకండి.