మంగళవారం ఇల్లు

మా అమ్మాయి డల్లాస్ నుంచి పంపిన ఫొటోలో ఫ్రిజ్ తలుపు ఉంది. ఆ తలుపు మీద అయస్కాంతం బిళ్లతో అంటించిన ఇంకో ఫొటో ఉంది. అందులో తొమ్మిదేళ్ల కెన్యా పాప నీలం యూనిఫాంలో చేతులు కట్టుకుని నిలబడింది. కింద అమ్మాయి రాసిన మాట: "నాన్నా, నీకు ఇంకో మనవరాలు." ఒక క్రైస్తవ సంస్థ ద్వారా నెలకు నలభై డాలర్ల పైచిలుకు పంపుతోందట. ఆ డబ్బుతో పాపకు బడి, భోజనం, మందూమాకూ. ఏడాదికి రెండు మూడు సార్లు ఉత్తరాలు.

ఫోన్ మాస్టారి చేతికిచ్చాను. రోజూ సాయంత్రం మేమిద్దరం నాచారం హెచ్ఎంటీ నగర్‌లో బయల్దేరి, హబ్సిగూడ చేరి, మెట్రో లైను కింద ఉప్పల్ రింగు రోడ్డు దాకా నడిచి, తిరుగు ఆటోలో వస్తాం. ఆయన రిటైరైన సోషల్ మాస్టారు. ఒంగోలు వైపు పల్లెలో పుట్టి మిషను బోర్డింగులో చదువుకున్నారు. నేను నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ని. ఆయన ఆదివారం చర్చికి వెళ్తారు, నేను శనివారం గుడికి. కాబట్టి ఆ ఫొటో ఆయనకు నచ్చుతుందని, నేనే ఏదో వంక పెడతానని ఎవరైనా అనుకుంటారు.

"పాప బాగుంది, ఫ్రిజ్జే బాగాలేదు" అన్నారాయన ఫోన్ తిరిగిస్తూ.

ఆయనకు అభ్యంతరం ఉందని అర్థమైంది. అమ్మాయి చేసింది మంచి పనేనని నేను అప్పటికే తేల్చేసుకున్నాను. ఇక మిగిలింది మాస్టారిని ఒప్పించడమే.

"ముందు చిల్లర పద్దులు తీసేద్దాం. అడగండి" అన్నాను.

"డబ్బంతా పాపకు చేరుతుందా?"

"చేరదు. బియ్యం మోసే బండికి ఎద్దు కూడా మేయాలి. ఎంత మేయాలన్నదే ప్రశ్న. మన దేశంలో విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ ఆఫీసు ఖర్చుకు సగం దాకా వాడుకోవచ్చని ఉండేది, 2020 సవరణతో దాన్ని ఇరవై శాతానికి దించారు."

"చేరింది ఏమైనా పనికొస్తుందా?"

"2013లో బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం అచ్చువేశారు. కంపాషన్ అనే సంస్థ ఇలాగే దాతల డబ్బుతో చదివించిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో ఆరు దేశాల్లో చూశారు, మన దేశం కూడా అందులో ఉంది. పదివేల మందికి పైగా వివరాలు రాసుకున్నారు. స్పాన్సర్ దొరికినవాళ్లు దొరకనివాళ్ల కన్నా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు."

"మరి మన మల్లాపూర్ షెడ్ల వెనక పిల్లలు లేరా? బిహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కూలీల పిల్లలు?"

"ఉన్నారు. వాళ్లకు పెట్టే చెయ్యే కెన్యాకూ పెడుతుంది. కెన్యాకు ఎందుకు అనేవాడు మల్లాపూర్‌కూ పెట్టడు."

మాస్టారు దాన్ని లాగలేదు. ఇంకెవరైనా అయితే లాగేవారే.

హబ్సిగూడ మలుపు తిరిగాం. "మతం సంగతి మీరడగాలి, నేనడిగితే బాగోదు" అని నవ్వారు.

"నేనెందుకు అడుగుతాను? మీ క్లౌ దొర కథ నాకు చెప్పింది మీరేగా."

నిజమే, ఆయన చెప్పిందే. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించాడు. కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

"ఆపాడు సరే, తర్వాత వచ్చినవాళ్లకు ఆ కూలి గుర్తులేదంటారా?" అన్నారు మాస్టారు.

"గుర్తుండటం నేరం కాదుగా మాస్టారూ" అన్నాను. ఇదేమంత గట్టి జవాబు కాదు. కానీ ఆయన తల ఊపారు, మేం ముందుకు నడిచాం.

ఎన్‌జీఆర్ఐ మెట్రో స్టేషన్ నీడలోకి వచ్చేసరికి అసలు మాట బయటికి తీశారు.

"ఒక పిల్ల, ఒక దాత, మధ్యలో ఒక ఫొటో. ఈ పద్ధతి యుద్ధాల్లో పుట్టింది. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో ప్లాన్ సంస్థ అలాగే మొదలైంది. కొరియాలో సైనికులకు వాక్యం చెప్పడానికి వెళ్లిన ఎవరెట్ స్వాన్‌సన్ అక్కడి అనాథ పిల్లల్ని చూసి వచ్చి 1952లో కంపాషన్‌కు పునాది వేశాడు. చరిత్రగా బాగానే ఉంది. కానీ ఆ ఫొటోలో నేనూ నిలబడ్డాను, అకౌంటెంటు గారూ. చేతులు కట్టుకోమని ఎవరు చెప్తారో నాకు తెలుసు."

అరవైల్లో ఆయన బోర్డింగులో ఉండగా అమెరికాలో ఒక దొరసానమ్మ ఆయనకు డబ్బు పంపేది. మూడు నెలలకోసారి శనివారం ఉత్తరాల రోజు. వార్డెన్ బోర్డు మీద రాసేవాడు: ప్రియమైన అమ్మగారికి వందనములు, నేను క్షేమం, మీరు పంపిన కానుకతో చొక్కా కొన్నారు, మీ కోసం ప్రార్థిస్తున్నాను. ముప్పై మంది పిల్లలు దాన్నే ముప్పై కాగితాల మీదికి ఎక్కించేవారు.

"ఒకసారి మాత్రం 'మా ఇంట్లో మేక ఉంది' అని సొంత వాక్యం ఒకటి కలిపాను. వార్డెన్ చూసి ఊరుకున్నాడు. తర్వాతి ఉత్తరంలో ఆవిడ అడిగింది, మేక ఎలా ఉందని. అప్పటికే అది చచ్చిపోయింది. అదే రాశాను. వార్డెన్ కాగితం చింపేశాడు. దొరసానమ్మ మనసు నొచ్చుకుంటే ఎట్లారా అన్నాడు. మేక బాగుంది అని రాశాను. అక్కణ్నుంచి ప్రతి ఉత్తరంలోనూ ఆవిడ అడగడం, నేను బాగుందని రాయడం. పదో తరగతి పాసయ్యేదాకా ఆ మేక బతికే ఉంది."

ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపేశారు.

"కృతజ్ఞత లోపల్నుంచి రావాలి. ముందే బోర్డు మీద రాసిపెట్టి ఉంటే అది రసీదు."

"రసీదు అయితే పరవాలేదు మాస్టారూ" అన్నాను. నా వృత్తి మాట వచ్చేసరికి ఊరుకోలేకపోయాను. "రసీదు ఇస్తే లెక్క ముగుస్తుంది. మీ చేత రాయించింది రసీదు కాదు, వడ్డీ. మూడు నెలలకోసారి కట్టాలి, అసలు ఎప్పటికీ తీరదు."

"మీరు నా వైపే మాట్లాడుతున్నారు!"

"కాదు. ఒక్కటి చెప్పండి. మీ మేక గురించి అడిగింది ఎవరు?"

ఆయన మాట్లాడలేదు.

"వార్డెన్ అడగలేదు. గవర్నమెంటు హాస్టలు అయినా రిజిస్టరులో పిల్లవాడి పేరుకు గడి ఉంటుంది, మేకకు ఉండదు. సముద్రాల అవతల, మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి కూర్చుని మీ మేక ఎలా ఉందని రాసింది. ఆవిడకు నిజం చెప్పనివ్వనిది వార్డెన్. తప్పు ఉత్తరానిది కాదు, చింపిన చేతిది. ఊరూ పేరూ లేని ఆకలికి మనం అయ్యో అంటాం. పేరున్న ఆకలి అయితేనే మేకను అడుగుతాం. మా అమ్మాయి పన్నులు కడుతుంది, అందులోంచి ఏ దేశానికి ఎంత పోతుందో ఆమెకు తెలియదు. ఆ పాప మోకాలికి దెబ్బ తగిలిందని మాత్రం తెలుసు."

"మోకాలి సంగతి తెలిసిన కొద్దీ, ఆ పాప నాది అనిపిస్తుంది. 'ఇంకో మనవరాలు' అని రాసింది చూడండి. ఆ పాపకు కెన్యాలో తాత లేడా?"

ఆ మాట నిజంగా గుచ్చుకుంది. వెంటనే జవాబు తోచలేదు. స్టేడియం స్టేషన్ దగ్గర చెరో మొక్కజొన్న పొత్తు కొని, నేను మా నాన్న సంగతి ఎత్తుకున్నాను.

మా నాన్న బందరులో వారాలు చేసుకుని, అంటే రోజుకో ఇంట్లో అన్నం తింటూ చదువుకున్నాడు. సోమవారం ప్లీడరు గారింట్లో ముద్దపప్పు. మంగళవారం ఒక ముసలి వితంతువు ఇంట్లో చింతకాయ పచ్చడి, ఒక్కోసారి అదీ నిన్నటిది. బుధవారం గుమస్తా గారిల్లు, పిల్లలు ఎక్కువ, కూర తక్కువ. గురువారం ఇంట్లో నెయ్యి వేసేవారు, వేసిన ప్రతి చుక్కకూ ఒక నీతి చెప్పేవారు. శుక్రవారం సంగతి మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. శనివారం వాళ్లది ఒక్కపొద్దు, బియ్యపు రవ్వ ఉప్మాతో సరి. ఆదివారం ఇంట్లో వంకాయ.

"బియ్యపు రవ్వ ఉప్మా ఇప్పుడెవరు చేస్తున్నారండీ" అన్నారు మాస్టారు. రామంతాపూర్‌లో ఒక చోట చేస్తారన్నాను. అక్కణ్నుంచి మాట ఇంగువకు పోయింది, ఇంగువ నుంచి ధరలకు, ధరల నుంచి ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలకు, ఏళ్లు గడిచినా దుమ్ములో నిలబడి ఉన్నవాటికి. రింగు రోడ్డు స్కైవాక్ మెట్లు ఎక్కుతూ ఆయాసం వచ్చాక గానీ పాప గుర్తుకు రాలేదు.

పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. కింద వరంగల్ బస్సుల కోసం జనం.

"మా నాన్నను ఆ ఏడిళ్లలో ఎవరూ 'మా అబ్బాయి' అనలేదు మాస్టారూ. వారాలబ్బాయి అన్నారు. ఏడిళ్లు ఉన్నాయి కాబట్టి ఏ ఇంటికీ ఆయన సొంతం కాలేదు. గురువారం ఇల్లు చిన్నబుచ్చితే శుక్రవారం ఇల్లు ఉంది. తిన్న అన్నానికి ఉత్తరం రాయమని ఎవరూ అడగలేదు."

మాస్టారు చాలాసేపు కిందికి చూశారు. "మీ నాన్నగారికి ఏడు గడపలు తెరిచి ఉన్నాయి. ఆ వీధిలోకి మా నాన్న చెప్పులు చేతపట్టుకుని వెళ్లాలి. ఆ ఏడూ మాకు మూసి ఉన్నాయి కాబట్టే ఎనిమిదో గడప సముద్రం అవతల వెతుక్కున్నాం."

ఈ మాటకు సమాధానం లేదు. ఉన్నట్టు నటించడం అబద్ధం. కానీ వాదం గెలవాలన్న యావ ఉన్నవాడు ఊరుకోడు, నేనూ ఊరుకోలేదు, దాన్ని నా వైపుకే తిప్పుకున్నాను.

"అందుకే ఆ దొరసానమ్మ మీకు కావాల్సివచ్చింది. ఆవిడ చేసిన మేలు తక్కువది కాదు. అయితే మీకున్నది ఆ ఒక్క ఇల్లే. ఒక్క ఇల్లే అయితే ఏమవుతుందో 2017లో చూశాం. కంపాషన్ దాదాపు యాభై ఏళ్లు మన దేశంలో పనిచేసింది. 2016లో కేంద్రం దాని డబ్బుకు ముందస్తు అనుమతి షరతు పెట్టింది, 2017 మార్చిలో సంస్థ ఇక్కడి పని మూసేసింది. లక్షా నలభై వేలకు పైగా పిల్లలు. తప్పు ఢిల్లీదా, వాళ్లదా అన్నది వేరే పంచాయితీ. 2024లో వరల్డ్ విజన్ ఇండియా అనే సంస్థకున్న విదేశీ విరాళాల అనుమతి కూడా రద్దయింది. ఉన్న ఒక్క ఇంటి తలుపు పడితే పిల్లకు ఆ రోజు అన్నం లేదు, మర్నాడూ లేదు."

"అంటే మీ అమ్మాయి మానుకోవాలంటారా?"

"మానుకోకూడదు. మంగళవారం ఇల్లు కావాలి. మిగతా ఆరు రోజులూ వేరేవాళ్లవి: పాప అమ్మ, తాత, ఊరి బడి, ఆ దేశపు సర్కారు, పక్కింటివాళ్లు, ఇంకా ఎవరో. మంగళవారం తప్పకుండా పెట్టాలి, బుధవారం ఎక్కడ తింటావని నిలదీయకూడదు, తానే తల్లినని అనుకోకూడదు. అప్పుడు ఫొటో ఫ్రిజ్ మీద ఉన్నా తప్పులేదు."

"మిగతా ఆరు ఇళ్లు లేని పిల్ల అయితే?" అని ఆయన అడగాల్సింది. అడగలేదు. "సరే, ఇది బాగుంది, ఒప్పుకున్నాను" అన్నారు, నేననుకున్న దానికన్నా తొందరగా. మెట్లు దిగుతుంటే ఆ అడగని ప్రశ్న నా పక్కనే దిగింది. ఆయన మర్యాద నన్ను గెలిపించిందని తెలుస్తూనే ఉంది.

తిరుగు ఆటోలో ఫోన్ తీశాను. 'మనవరాలు' అన్న మాటకు ఏం రాయాలో ఆలోచించాను. మాస్టారు కిటికీలేని పక్కనుంచి చీకటి పడ్డ ఫ్యాక్టరీ గోడల్ని చూస్తున్నారు.

"ఆ పాప ఇంట్లో మేక ఉందేమో అడుగు" అని రాశాను. ఒక్క క్షణం ఆగి ఇంకో వాక్యం కలిపాను. "చచ్చిపోయి ఉంటే, చచ్చిపోయిందనే రాయమను."