తెరలో దర్శనం, తలపై బోనం

ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాల ఆదివారం ఉదయం ఆరు గంటలయ్యేసరికి డాలస్‌లో ఇంకా శనివారం రాత్రి ఏడున్నరే. పాతబస్తీ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ ఇళ్లలో ఫోన్‌ను గోడకు ఆనించి లైవ్ పెట్టుకుంటారు, తెర ముందు దీపం వెలిగిస్తారు. ఆ చూపు దర్శనం కిందికి వస్తుందా అన్నది భక్తుల ప్రశ్నే కాదు, ఇంటర్నెట్ జీవితాన్ని పరిశీలించే పండితుల ప్రశ్న కూడా.

కెనడా పండితుడు క్రిస్టఫర్ హెలండ్ 2000లో ఒక విభజన చేశాడు. ఆన్‌లైన్‌లో మతం గురించి సమాచారం తెలుసుకోవడం ఒకటి, ఆన్‌లైన్‌లోనే మతాన్ని ఆచరించడం మరొకటి. పూజల వేళలు చూసుకోవడం మొదటిది, తెర ముందు దీపం పెట్టడం రెండోది. ఆచరణలో ఈ గీత చెరిగిపోతూ ఉంటుందని తర్వాత హెలండే ఒప్పుకున్నాడు. వేళ కోసం ఫోన్ తీసినవాళ్లు అమ్మవారి ముఖం కనబడగానే చేతులు జోడిస్తారు మరి.

దర్శనమంటే దేవతను చూడడమూ, దేవత కంట పడడమూ అని మత పండితురాలు డయానా ఎక్ 1981 నాటి తన పుస్తకంలో వివరించింది. తెర రెండోదాన్ని తెంచేస్తుందన్న వాదన ఉంది. అయితే 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టిన నాటి నుంచి అచ్చు పటాలు పూజగదుల్లో చేరాయి. కాగితం మీది అమ్మవారు చూస్తుందని నమ్మినవాళ్లకు గాజు మీది అమ్మవారు చూడదనడానికి గట్టి కారణం లేదు. దర్శనం వరకు తెర చాలుతుందనే చెప్పాలి.

బోనం సంగతి వేరు. బోనమంటే భోజనమే. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని తెలంగాణ నమ్మకం. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు పెట్టినట్టే కొత్త కుండలో పాలు, బెల్లం వేసి అన్నం వండుతారు. కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, మీద దీపం నిలిపి తలకెత్తుకుంటారు. మెడ నిటారుగా నిలిపి, దీపం ఆరకుండా ఆ బరువుతో గుడిదాకా నడవడమే మొక్కు. బిడ్డను వీడియోకాల్‌లో చూసి తల్లి కడుపు నిండిందనుకోవచ్చు, బిడ్డ కడుపు మాత్రం నిండదు. 2020లో కరోనా వల్ల గుడి దగ్గర గుమిగూడొద్దన్నప్పుడు జనం చేసినది దీన్నే రుజువు చేస్తుంది. దర్శనం తెరకు మారింది, బోనం మారలేదు. పొయ్యి మీద అన్నం ఉడికింది, పూజగదిలో కుండ దిగింది.

రంగం అనే ఘట్టంలో తెర సగమే పనిచేస్తుంది. అమ్మ పూనిన స్త్రీ పలికే భవిష్యవాణి దూరానికీ వినబడుతుంది. వానల గురించి, రోగాల గురించి అడిగి జవాబు రాబట్టే పెద్దలు మాత్రం ఆమె ఎదుట నిలబడ్డవాళ్లే.

చివరి చిక్కు కాలానిది. మర్నాడు సోమవారం హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం, అంటే అమ్మవారు కొలువైన కుండ, ఏనుగు మీద చార్మినార్ మీదుగా నయాపూల్ చేరుతుంది. మూసీలో నిమజ్జనంతో అమ్మవారిని సాగనంపినట్టే. వీడియో మాత్రం ఫోన్‌లో ఉండిపోతుంది, కార్తీకంలోనైనా నొక్కితే ఆడుతుంది. లైవ్‌లో అటునుంచి చూపు ఉందని నమ్మడానికి వీలుంది, ఎందుకంటే ఆ క్షణాన అమ్మవారు ఘటంలో ఉంది. రికార్డింగ్‌లో ఉన్నది సాగనంపిన బిడ్డ జ్ఞాపకం. దాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లూ దాని ముందు హారతి పట్టరు.