త్రాడు - పాము - దీపము



మసక చీకటిలో పడియున్న త్రాటిని జూచి పామని భ్రమించుట వేదాంతులకు ప్రియమైన దృష్టాంతము. గౌడపాదాచార్యులవారు మాండూక్య కారికలలో దీనినే చెప్పిరి. అచ్చట పాము లేదు. కాని గుండెదడ నిజము, పరుగు నిజము, పరుగులో తగిలిన దెబ్బయు నిజమే.

ఈ న్యాయము నేటి వైద్యశాలలోను కానవచ్చుచున్నది. మూత్రపిండముల పైపొర కణజాలము స్తంభములవలె లోనికి చొచ్చుకొని యుండును. వీనిని బెర్టిన్ స్తంభములందురు. కొందరిలో అట్టి స్తంభము సహజముగనే లావుగా నుండి, అల్ట్రాసౌండు చిత్రములో కణితివలె భాసించును. కణితి కాదది, ఈశ్వరుడు అమర్చిన అంగమే.

భ్రాంతి ఎంతటి అనర్థము దెచ్చునో తెలుపు గాథ యొకటి గలదు. పసిబిడ్డల రొమ్ముటెముక వెనుక నుండు థైమస్ గ్రంథి శైశవమున పెద్దదిగా నుండి, యౌవనానంతరము క్రమముగా కృశించును. ఎక్స్‌రేలో దాని నీడ ఓడ తెరచాపవలె కనిపించుట కద్దు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో అమెరికా మున్నగు దేశముల వైద్యులు ఈ నీడనే రోగమనుకొనిరి. ఆ గ్రంథి ఊపిరిగొట్టము నొక్కి బిడ్డ ప్రాణము తీయునని భయపడిరి. ఏలయన, వారు ప్రమాణముగా గైకొన్నవి చాలవరకు దీర్ఘవ్యాధులతో మరణించిన వారి దేహములు. వ్యాధివలన ఆ గ్రంథి చిక్కిపోవునని వారెరుగరు. కృశించినదే సహజమని నమ్మినవారికి ఆరోగ్యమే రోగముగా తోచెను! 1907 మొదలుకొని వేలాది శిశువులకు ఎక్స్‌కిరణ చికిత్స జరిగెను. పిదప వారిలో కొందరికి థైరాయిడ్ క్యాన్సర్ కలిగెను; 1950లో వైద్యులు ఈ సంబంధమును బయలుపరచిరి. లేని వ్యాధికి చేసిన చికిత్స, నిజమైన వ్యాధిని దెచ్చిపెట్టెను.

అట్లని ప్రతి నీడయు మాయయేయని ఉపేక్షింపరాదు. ఒక్కొక్కప్పుడు నిజముగా పామే యుండును. పారిపోవుట, కనులు మూసికొనుట రెండును అజ్ఞానమే. దీపము తెచ్చి చూచుటయే కర్తవ్యము. సిరలోనికి మందెక్కించి తీసిన సీటీ చిత్రములో ఆ స్తంభము చుట్టునున్న కణజాలమువలెనే వెలిగి, తన నిజరూపమును తెలుపును. అనుభవజ్ఞుడైన వైద్యుడే అచ్చట దీపధారి.

మన సంసారమందును ఇంతియే. తోబుట్టువు మౌనమును గర్వమనియు, కోడలి బిడియమును అనాదరమనియు ఎంచి, లేని పాముపై ఎన్ని కర్రలు విరుగగొట్టితిమి! కొట్టుటకు ముందు మన కొలత సరియైనదా యని విచారింపవలెను. ఆ విచారణయే వివేకము. పూజామందిరమున నిత్యము దీపము వెలిగించు మనము, అంతరంగమునను అట్టి దీపమును నిలుపుమని సర్వేశ్వరుని ప్రార్థింతము గాక!