వేరు గరిటె

మన ఇండ్ల పెండ్లిండ్లలో వంటవానితో మొదట జరుగు మాట ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డలను గురించియే. దుంప యేదియు లోనికి రాకూడదు. సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగియవలెను. ఆయంబిలము చేయువారికి పాత్రయు గరిటెయు వేరుగా నుండవలెను. బరంపురమున తెలుగు, ఒడియా వంటవారికి ఇవి క్రొత్త కాదు. కొంచెము తగిలిన నేమి యని వారు మనల నడుగరు.

ఇప్పుడదే పంక్తికి గోధుమ పడని అతిథియు వచ్చుచున్నాడు. ఆ వ్యాధిని సీలియాక్ అందురు. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. అది లోనికి పోగా, శరీరపు రక్షణశక్తియే తిరుగబడి చిన్నప్రేవుల లోపలి పొరను పాడుచేయును. 1944-45 నాటి హాలండు కరవులో రొట్టె కరవై ఈ రోగపు పిల్లలు కోలుకొనుటయు, రొట్టె తిరిగిరాగానే మరల చిక్కిపోవుటయు గమనించిన డికె అను డచ్చి వైద్యుడు, 1950లో తన సిద్ధాంతవ్యాసమున గోధుమ వలని కీడును నిరూపించెను. నేటికిని జీవితాంతము దానిని విడుచుటయే చికిత్స. గ్లూటెన్ లేనిదని మన దేశమున అమ్మదలచిన ఆహారములో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదు. పూరీపిండి అంటిన చేయి ఎంత చేటు తెచ్చునో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఈ వ్యాధి దక్షిణమున కంటె గోధుమ తిను ఉత్తరదేశముననే ఎక్కువగా కనబడినది. మనలో అనేకుల పూర్వులు వచ్చినది ఆ సీమలనుండియే గదా!

వ్రతస్థునికి వేరు గరిటె ఇచ్చు మనము రోగికి ఇచ్చుటకు ఏల విసుగుకొందుము? వ్రతము గౌరవము, రోగము జాలి యని మన లెక్క. నాకు ఈ లెక్క తలక్రిందుగా తోచుచున్నది. తెలియక పచ్చక్ఖాణము భంగమైనవానికి ఆలోయణ యున్నది, ప్రాయశ్చిత్తము ఉన్నది. ప్రేవులకు అట్టిది లేదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను ప్రమాదముతో ముడిపెట్టెను. ప్రమాదమనగా అక్కడ అజాగ్రత్త. తెలుగున మనము ఆ మాటను ఎవరి తప్పును లేని ఆపదకు వాడుకొని నిశ్చింతగా ఉన్నాము.

మన జాగ్రత్తయే ఒక్కొక్కచో ఈ అతిథికి చేటగును. ఉల్లి వెల్లుల్లి మానినందుకు పోపులో ఇంగువ దండిగా వేయింతుము. బజారున దొరకు కూటు ఇంగువలో చాలవరకు గోధుమపిండియో మైదాయో కలిసియుండును. పప్పు, పులుసు, మజ్జిగ అన్నియు దానితోనే చెడును. ఛెనాపోడలో రవ్వ ఉండును. మినప అప్పడమైనను, పూరీలు వేగిన నూనెలో వేసినచో నిర్దోషము కాదు. సజ్జపిండి మంచిదే, గోధుమలాడించిన పిండిమరలోనే ఆడించినచో దానికిని నమ్మకము లేదు.

అన్నిటికంటె కష్టమైనది మన మనుహారము. ఒక్క ముక్క, నా చేతి ముక్క యని నోటికందించుట మనకు ప్రేమ. క్రొత్తకోడలికి ఈ వ్యాధియే యున్నచో? సంబంధము తప్పిపోవునని పుట్టినింటివారు దాచియుందురు. నూరుమంది యెదుట అత్తగారందించిన లడ్డును వలదనుటకు ఆ పిల్లకు నోరెట్లు వచ్చును? మ్రింగును. ఆ దోషము పిల్లది కాదు, దాచక తప్పని స్థితి కల్పించిన మనది.

గంజాం సీమలో పదార్థములకు కొదువ లేదు. ఇది వరియన్నపు దేశము. మండియా యని పిలుచు రాగి ఇంటింట ఎరిగినదే. పెండ్లినాడు మైదా బస్తా విప్పకముందే అన్నము, కందిపప్పు, ఇంగువ లేని జీలకఱ్ఱ పోపుతో ఒక కూర, బెల్లపు కొబ్బరి ఉండలు క్రొత్త నూనెతో, గోధుమ తగులని పాత్రలలో వండించి మూతపెట్టి, వడ్డించు భారము ఒక్కరికే అప్పగించవచ్చును. దీనికగు వ్యయము పందిరి పూలలో పదియవ వంతైనను కాదు.

వంటశాలలో మైదా ఎగురుచుండును, మాట ఈయజాలను అని వంటవాడు చెప్పినచో వానిపై కోపింపరాదు. అట్లు చెప్పువాడే నమ్మదగినవాడు. ఆ మాటను ముందుగానే అతిథికి తెలిపి, ఆయన ఇంటినుండి తెచ్చుకొన్న డబ్బాతోనే పంక్తి నడుమ, తక్కినవారి సరసన కూర్చుండబెట్టవలెను.