దాచుట యెందులకు?

మానవుడు రేపటిని గూర్చి చింతించును. కావుననే పంటకాలమున లభించిన దానిని పంట లేని కాలమునకై దాచుకొనును. ఇది ముందుచూపా, లేక లోభమా? ఈ ప్రశ్నకు ఒక జాడీయు, ఒక పెట్టెయు నాకు సమాధానము నేర్పినవి.

జాడీ మా తల్లిగారిది. 1843లో కోరంగి రేవునుండి మారిషస్ చేరిన తెలుగువారికిని, తరువాత వచ్చిన వారికిని చెరకుతోటలలో బియ్యము, పప్పు, ఉప్పు, నూనె కొలిచి యిచ్చెడివారు. ఉప్పుతోను, నూనెతోను పచ్చిమామిడిని నిలువచేయు విద్య మా యింట తల్లినుండి కూతురికి వచ్చినది. అమ్మ కాయలను పొడిగుడ్డతో తుడిచి, ముక్కలు చేసి, ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపి జాడీకెత్తి వాసెన కట్టెడిది. మూడవనాడు తిరుగ కలిపి, ముక్కలపై నూనె తేలునట్లు చూచెడిది. ఉప్పు ముక్కలోని నీటిని లాగును. నూనె గాలిని అడ్డగించును. “తడిచేయి పెట్టకుడు, బూజు పట్టును” అని మమ్ము హెచ్చరించెడిది. కాని అడుగవచ్చిన పొరుగువారిని ఆమె వట్టిచేతులతో పంపుట నేను చూడలేదు.

ఆమె గతించిన పిమ్మట చివరి జాడీ నాకు దక్కినది. అమ్మ చేతి గుర్తని అలమరలో ఉంచితిని. నా చెల్లెలు జ్వరపడి లేచి, “అన్నయ్యా, రెండు ముక్కలు పెట్టవా?” అని అడిగినది. మరియొకనాడు చూతమంటిని. మూడేండ్లకు తెరచి చూడగా నూనె ఇంకిపోయి, ముక్కలు బూజు పట్టియుండెను.

ఆమె కుమారుడు సౌదీ అరేబియాలోని కసీం ప్రాంతమునందలి ఉనైజాలో ఇంజనీరు. అతడు సెలవుపై వచ్చి, సుక్కరీ ఖర్జూరముల పెట్టెను నా చేతిలో పెట్టి, “మామయ్యా, మొదట మీకే ఇమ్మని అమ్మ చెప్పినది” అనెను. నేను తల వంచుకొంటిని.

ఆ ప్రాంతపు పాత యిండ్లలో ఖర్జూరములకై జిప్సము పూతగల ఒక చిన్న అర యుండెడిది. దానిని జస్సా అందురు. అందు పండ్లను గట్టిగా అదిమి నింపగా, తేనెవంటి పాకము క్రింది రంధ్రమునుండి కారెడిది. ఊరగాయకు ఉప్పువలె, ఖర్జూరమునకు దాని చక్కెరయే రక్ష. నేడు శీతలగిడ్డంగులు వచ్చినవి. అయినను అతిథి రాగానే కాఫీతో ఖర్జూరము ముందుంచు ఆచారము నిలిచియున్నది. ఇస్లాము ధర్మశాస్త్రము ప్రకారము, నిర్ణీత పరిమాణము చేరిన ఖర్జూరపు పంటలో వర్షాధారమైనచో పదవవంతు, నీరు తోడి పండించినచో ఇరువదవవంతు జకాతుగా తీయవలెను. అనగా తన అర నింపుకొనుటకు ముందే పేదవాని భాగము లెక్కకు వచ్చును.

దాచనివాడు కరవుదినమున దేనిని ఇచ్చును? కావున దాచుట దోషము కాదు. ఎవరికై, ఎప్పుడు తెరువవలెనో మరచుటయే దోషము. అమ్మ వాసెన కట్టినది బూజు రాకుండుటకు. మనుష్యులు రాకుండుటకు కాదు. జ్ఞాపకముకొరకని నేను చేసినది ఆమె పద్ధతికే విరుద్ధము.

గడచిన మామిడికాలమున నేనును నా భార్యయు ఒక జాడీ పెట్టితిమి. మూడవనాడు కలిపి, మొదటి గిన్నె చెల్లెలికి పంపితిని. ఉప్పు కొంచెము ఎక్కువైనదని ఆమె చెప్పినది. వారము తిరుగక మునుపే మరల అడిగినది.