అరువు అవయవము

అలిపిరి నుండి తిరుమలకు నడచిపోవు భక్తులకు మోకాళ్ల పర్వతము చిరపరిచితము. శేషాద్రి సాక్షాత్తు ఆదిశేషుని స్వరూపమని భావించి, దానిపై పాదము మోపుటకు మనసొప్పక, భగవద్రామానుజులు మోకాళ్లతో కొండనెక్కిరని పెద్దలు చెప్పుదురు. నేటికిని ఆ నిటారు మెట్లను మోకాళ్లతో ఎక్కు భక్తులు కలరు. వంగిన మోకాలు వినయమునకు గుర్తు. నిలిచిన మోకాలు బలమునకు గుర్తు. ఆ మోకాలే లేనివాని మాట యేమి? యంత్రము మోకాలై నిలిచినచో, దానిని అవయవమనవలెనా, వస్తువనవలెనా?

ఊతకాలు అమర్చుట నేటి మాట కాదు. పోరున కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు నొసగిరని ఋగ్వేదము మొదటి మండలమందలి 116వ సూక్తము కీర్తించుచున్నది. మన కాలమున రామచంద్రశర్మ అను శిల్పియు, డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీయు రూపొందించిన జైపూర్ పాదము అసంఖ్యాకులను నిలువబెట్టినది. 1981లో ప్రమాదమున పాదము కోల్పోయిన సుధాచంద్రన్ ఆ కృత్రిమపాదముతోనే మరల నాట్యమాడిరి. వారి కథయే తెలుగున ‘మయూరి’ చిత్రమైనది.

కాలు మోకాలిపైననే తొలగింపబడినపుడు కష్టము ఇంకను పెద్దది. 1997లో జర్మనీకి చెందిన ఆటోబాక్ సంస్థ ‘సి-లెగ్’ అను కంప్యూటరు మోకాలిని వెలువరించినది. దానిలో నూనె నిండిన గొట్టమొకటి కలదు. మోకాలి వంపును, కాలిపై పడు బరువును సెన్సార్లు సెకనుకు 50 మారులు కొలిచి తెలుపగా, కంప్యూటరు ఆ నూనె దారిని బిగించును, లేక వదలును. పాదము నేల మోపినపుడు మోకాలు గట్టిపడి బరువు మోయును. కాలు ఊగునపుడు వదులై ముందునకు సాగనిచ్చును. తొట్రుపాటు కలిగినచో వెంటనే బిగిసి, పడనీయక ఆపజూచును. దానికి రాత్రివేళ విద్యుత్తు పట్టింపవలెను.

అయినను ఈ మోకాలు మనిషిని నడిపింపదు. నడచువానికి ఊతమిచ్చును, అంతియే. కాలును ముందునకు తీయవలసినది తొడయందును నడుమునందును మిగిలిన సొంత కండరములే. మెట్లెక్కునపుడు మంచి కాలు ముందు వేసి, రెండవదానిని దాని చెంతకు చేర్చుకొనవలెను. దిగునపుడు కృత్రిమపాదమును మెట్టు అంచున నిలిపి, బరువంతయు దానిపై ఉంచి, మోకాలు మెల్లగా వంగుచుండగా మంచి కాలిని క్రింది మెట్టున వేయవలెను. వంగుచున్న దానిపై బరువు మోపుట క్రొత్తవానికి ప్రాణసంకటము. ఇది నన్ను పడనీయదను నమ్మకము కుదిరిన నాడే నడక కుదురును. శరణాగతికి మహావిశ్వాసము అంగమని ఆచార్యులు ఏల నియమించిరో అట్టివానికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇట్లు అభ్యసించి, బడిలో నిలిచి పాఠము చెప్పువారును, సైకిలు త్రొక్కువారును, సంసారభారము మోయువారును కలరు.

వారిని బాధించునది నడకకంటె లోకుల చూపు. కృత్రిమపాదము సాధారణముగా పాదరక్ష మడమ ఎత్తునకు సరిపడ అమర్చబడియుండును. ఆలయద్వారమున పాదరక్ష విడిచినంతనే తూకము మారి, నిలుచుట కష్టమగును. ఆ తడబాటును చూచి, ‘ఈ కాలు లోనికి రావచ్చునా?’ అని గుసగుసలాడువారు లేకపోలేదు. విమానాశ్రయ తనిఖీలలో కృత్రిమపాదమును మాటిమాటికి విప్పించుట తమకెంత వేదన కలిగించునో సుధాచంద్రన్ 2021లో బహిరంగముగ విన్నవించిరి. ఎదుటివానికి అది వస్తువు. ధరించినవానికి అది కాలు. ఎవరి మాట నిజము?

ఈ ప్రశ్నకు శ్రీభాష్యమున వెలుగు దొరకును. శరీరమనగా చేతులు, కాళ్లు, రక్తమాంసములు గలదని రామానుజులు నిర్వచింపలేదు. చేతనునిచే ధరింపబడుట, నియమింపబడుట, ఆ చేతనునికే శేషమై యుండుట అను మూడింటిని శరీరలక్షణములుగ చెప్పిరి. ఈ దృష్టితో చూడగా కంప్యూటరు మోకాలు పాదరక్షకంటె పాదమునకే చేరువ. ధరించినవాని నడకకై అది యున్నది. అతని కదలికననుసరించి అది మెలగుచున్నది.

అయితే పండితుడు ఊరకుండడు. ‘రాత్రి విప్పి ప్రక్కన పెట్టునది శరీరమెట్లగును? జీవుని విడిచి శరీరముండదు గదా! పైగా బిగియుటయు, వదలుటయు యంత్రము తానే నిర్ణయించుచున్నది’ అనును. ఆక్షేపము న్యాయమైనదే. శాస్త్రమున గట్టిగా విచారించినచో దానిని శరీరమనుట ఉపచారమే. కాని ఆ ప్రశ్ననే మన మోకాలికి వేసి చూడవలెను. అది మాత్రము ఎంతవరకు మన ఆజ్ఞలో నున్నది? వాతము పట్టినపుడు వంగదు, వార్ధక్యమున నిలువదు. వ్యాధిచే నియమనశక్తికి అడ్డు కలిగినను శరీరము శరీరమే యని రామానుజులే సమాధానపరచిరి. దేనిని ఎన్నడును విడువక, ఏ అడ్డును లేక ధరించి నియమించువాడు శ్రీమన్నారాయణుడొక్కడే. చిదచిత్తులన్నియు ఆయనకు శరీరము. మన మోకాలు పుట్టుకతో అరువు తెచ్చుకొన్నది. అతని మోకాలు నడుమ అరువు తెచ్చుకొన్నది. అరువు సొమ్ము ధరించినవాడు మరియొక అరువు సొమ్మును చూచి నవ్వుట తగునా?

గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మకు అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అను ఐదు హేతువులు చెప్పబడినవి. యంత్రపు మోకాలు వీనిలో ఒక కరణము మాత్రమే. కరణము మారినంత మాత్రమున కర్త మారడు, దైవమును తొలగిపోదు. ‘పూర్వజన్మ పాపమున కాలు పోయినది’ అని పరులను తూచుటకు కర్మసిద్ధాంతము పుట్టలేదు. అది తన్ను తాను దిద్దుకొనుటకు. ఎదుటివాని లోపము కంటబడినపుడు మనకు విధింపబడినది తీర్పు కాదు, కైంకర్యము.

ఇట్టి మోకాలి వెల లక్షలలో నున్నది. అందరికి అందునది కాదు. తిరుపతిలో దేవస్థానము నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి వంటివి దివ్యాంగుల సేవకై వెలసినవి. ధనవంతుడు ధనముతో ఇట్టి సేవలో పాలుపంచుకొనవచ్చును. ఏమియు లేనివాడు మెట్టుదారిలో ఒక ప్రక్కకు తొలగి, చేయి అందించి, చూపులో జాలికి బదులు గౌరవము నుంచవచ్చును.

మోకాళ్ల పర్వతమున నాడు రామానుజులు సమర్పించినది తమ వినయమును. ఎముక మోకాలైనను, ఉక్కు మోకాలైనను, ఆ మెట్టుపై స్వామి చూచునది దానినే. ముల్లోకములను రెండడుగులతో కొలిచిన ఆ త్రివిక్రముడు, తడబడు ప్రతి అడుగునకును తానే ఊతమై నిలుచుగాక!